అరసున్నా

గ్రిమ్స్‌బీ రేవులో పొద్దున్న ఏడింటికి చేపల వేలం.
దానికి గంట ముందే మొదలవుతుంది నా తగువు,
కొత్తగా పెట్టుకున్న టైప్ చెకర్‌తో.

కీత్ ఓస్లర్ ఇరవై రెండేళ్ల కిందట రాసిన పైథాన్ ఇది.
గిన్నె మీద "బరువు" అని పేరు రాస్తే చాలు,
అంకె పోసినా, అక్షరాలు పోసినా,
ఏమీ పోయకపోయినా
సరేనంటుంది, నవ్వుమొహంతో నడుస్తుంది.
బోర్లా పడేది ఎప్పుడంటే
కొనేవాళ్లు చలికి కాళ్లు మార్చుకుంటూ
తెరవైపు చూస్తున్నప్పుడు.

పోయిన నవంబరులో
పన్నెండు పెట్టెల హాడక్‌కి ఇంకో పన్నెండు కలిపి
పన్నెండు వందల పన్నెండు అంది.
అవి అంకెలు కావు మరి,
అంకెల వేషం కట్టిన అక్షరాలు.
కూడమంటే సమాసం చేసి కూర్చుంది.
ఇమోజెన్ సాయంత్రం దాకా ఫోన్లో క్షమాపణలు చెప్పింది.

అందుకే తెచ్చాను ఈ చాదస్తాన్ని.
ప్రోగ్రాం ఇంకా చెప్పులేసుకోకముందే
గుమ్మానికి అడ్డంగా నిలబడి అడుగుతుంది:
ఏం తీసుకెళ్తున్నావు? తిరిగి ఏం తెస్తావు?
మొదటిరోజు వెయ్యిన్నూట నలభై మూడు తప్పులు.
తొమ్మిదో తరగతిలో త్రిపురాంబ టీచరు
ఏడాదంతా గీసిన ఎర్రగీతలు కూడా ఇన్ని ఉండవు.

ప్రతి పేరు వెనకా దాని రకం రాసుకుంటూ పోయాను
విభక్తులు తగిలించినట్టు.
శుక్రవారానికి ఒకటే మిగిలింది.
దిగిన సరుకు బరువు:
"అంకె ఇస్తానన్నావు. ఒక్కోసారి ఏమీ ఇవ్వడం లేదు."

ఏమీ లేకపోతే సున్నా వేస్తే సరి, ఒక్క గీత పని.
వేలు మీట మీదకి వెళ్లింది కూడా.
ఆ పైన కీత్ రాసిపెట్టిన మాట కనిపించింది:
సున్నా వేయకు. నన్ను అడుగు.

అడిగాను. క్లీథోర్ప్స్‌లో వాళ్ల పెరట్లో
టమాటా మొక్కలకి పుల్లలు కడుతున్నాడు.
తలెత్తకుండానే చెప్పాడు:
"సున్నా అంటే పడవ వచ్చింది, వల ఖాళీ.
వాళ్లు తిట్టుకుంటూ టీ తాగుతారు.
ఏమీ లేదంటే
పడవే రాలేదని."
తర్వాత ఒక పడవ పేరు చెప్పాడు.
జనవరి అన్నాడు. అంతకుముందున్న లెక్కల ప్రోగ్రాం
దానికి సున్నా వేసి ఆ రాత్రి పద్దు మూసేసిందట.
తెరంతా పచ్చగా ఉందట, అందరూ చేరినట్టు.
తెల్లారేదాకా ఎవరూ రేడియో ఎత్తలేదట.
దారం ముడి బిగించి చూసుకున్నాడు,
మళ్లీ విప్పి వదులుగా కట్టాడు.

బస్సులో తిరిగొస్తుంటే త్రిపురాంబ టీచరు గుర్తొచ్చింది.
ద్రుతం చెబుతూ బోర్డు మీద రాసేది:
పూచెఁ గలువలు.
నకారం వెళ్లిపోయింది, చూడండి.
కానీ పక్కనున్న "క" మెత్తబడి "గ" అయింది.
వెళ్లినదాని చోటు అలా తెలుస్తుంది.
అక్కడ పెట్టేది సున్నా కాదు, అరసున్నా.
అప్పుడు మార్కులకోసం బట్టీపట్టాను.

సోమవారం రాశాను: అంకె, లేదా ఏమీ లేదు.
వెంటనే పదిహేడు కొత్త తప్పులు.
మొత్తం కూడే చోట, బిల్లు అచ్చేసే చోట,
ధర పాడే చోట, ఒకటే ప్రశ్న:
రాకపోతే ఏం చేస్తావు?
రాకపోతే ఏం చేస్తావు?
విసుగు పుట్టింది, నిజం చెప్పొద్దూ.
ఒక్కోదానికీ జవాబు రాశాను.

పదిహేడోది తెర.
రాకపోతే పచ్చ వెలగనీకు.
పడవ పేరు పక్కన
తీరరక్షకుల ఫోన్ నంబరు చూపించు.
నంబరు రకం దగ్గర చెయ్యి కాసేపు ఆగింది.
అంకె అని రాయలేదు, అక్షరాలు అని రాశాను:
దానికి ముందున్న సున్నా
రాలిపోకూడదు.

బయట గంట కొట్టారు.
ఇవాళ కాడ్‌తో మొదలు.